కుడివైపు ఖాళీ

మా నాన్న రాసిన పుస్తకం ఆషాఢంలో అచ్చయింది, సినిమా దసరాకు వచ్చింది. అరవై ఎనిమిదో సంవత్సరం. ఆ రెండింటి మధ్యా మా ఇంట్లో ఎవరి కాళ్లూ నేల మీద ఆనలేదు. మా అమ్మ కూరగాయలకు తార్నాక నుంచి నల్లకుంట దాకా పోయేది. అక్కడి వంకాయలు ప్రత్యేకమైనవేమీ కావు, తెలిసినవాళ్లు ఎక్కువ, అంతే. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎం.ఏ. ఎకనామిక్స్ పుస్తకాల మీద నాన్న పుస్తకం పెట్టుకుని, అట్ట బయటికి కనబడేటట్టు గుండెకు ఆనించుకుని, ఆర్ట్స్ కాలేజీ మెట్లు అవసరం లేకపోయినా ఎక్కి దిగేదాన్ని.

నాన్న పేరు ఈశ్వరయ్య. మాది అనంతపురం వైపు. యూనివర్సిటీలో తెలుగు పాఠాలు చెప్పేవాడు. మద్రాసు నుంచి ఒక డైరెక్టరు ఆయన కథ ఏదో పత్రికలో చదివి, స్క్రీన్‌ప్లే మీరే రాయండి అన్నాడు. నాన్న రాశాడు. రాసి ఊరుకోలేదు, సినిమా కంటే ముందే దాన్ని పుస్తకంగా వేయించాడు. "నాటకాన్ని చదువుతారు, సినిమాను ఎందుకు చదవకూడదు?" అని ఇంటికి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు. వచ్చినవాడు కాఫీ తాగి, నిజమే అని వెళ్లేవాడు.

ఆ పుస్తకం పేజీ నిలువునా రెండుగా చీలి ఉండేది. ఎడమవైపు కంటికి కనిపించేది, కుడివైపు చెవికి వినిపించేది. ఊరుగాని ఊరు వచ్చిన ఒక గుమాస్తా, అతనికి గది అద్దెకిచ్చిన మల్లవ్వ అనే ముసలమ్మ, వాళ్ల మధ్య పెరిగిన ఆపేక్ష, అదీ కథ. పుస్తకం చదివిన వాళ్లకు మల్లవ్వ ఎవరో తెలియకపోవచ్చు. మాకు తెలుసు. మా వెనక వాటాలో బర్రెను కడుగుతూ ఉండేది.

ఆమె అమృతమ్మ, మా ఇంటి యజమానురాలు. లాలాపేట్ పక్కన పొలం ఉన్న కాపుదనపు కుటుంబం వాళ్లది. ఆమె భర్త రాజలింగుది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. వాళ్లకు ఒక్కతే కూతురు ఉండేదట, లింగమ్మ. పెండ్లి ఈడు రాకముందే విషజ్వరంతో పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆ పిల్ల ఎట్లా ఉండేదో అమృతమ్మ చేతులతో గాలిలో చూపించేది, ఇంత జడ, గింత ఎత్తు అని.

మేము ఆ ఇంట్లోకి దిగిన కొత్తల్లో జరిగిందొకటి చెప్పాలి. ఏదో పండుగ. అమృతమ్మ గడపలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందక్కా అని మా అమ్మ అడిగింది.

"ఏం లేదు భాగ్యమ్మా. పండుగొస్తే బిడ్డ యాదికొస్తది."

యాది అంటే జ్ఞాపకమని మాకెవరికి తెలుసు? మా వైపు యాడ అంటే ఎక్కడ. అమ్మ చెవికి అది 'యాడికొస్తది' అన్నట్టు వినిపించింది. కూతురు ఊరి నుంచి వస్తోంది కాబోలు అనుకుంది పిచ్చితల్లి.

"యాడికొస్తాదక్కా? టేసన్‌కా? దానికెందుకు ఏడుపు, మా ఆయన పోయి పిలుచుకొస్తాడు లే!" అంది.

అమృతమ్మ ఒక నిమిషం అర్థం కాక చూసింది. అర్థమయ్యాక నవ్వింది, ఏడ్చింది. అమ్మ చేయి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. "టేషన్‌కు రాదమ్మా. గీడికి వస్తది," అన్నది. అప్పుడు మా అమ్మ కూడా ఏడ్చింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లయ్యారు.

ఈ ముచ్చట నాన్నకు భలే నచ్చింది. ఇంటికి ఎవరు వచ్చినా చెప్పేవాడు. గొంతు మార్చి, కళ్లు చక్రాల్లా తిప్పి, మా అమ్మలా "యాడికొస్తాది?" అని, తన సొంతంగా ఒక ముక్క కూడా తగిలించేవాడు: "కాచిగూడకా, సికింద్రాబాదుకా?" అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వు వచ్చిన చోట ఆపేసేవాడు. అమ్మ చేయి గుండె మీద పెట్టుకున్న సంగతి దాకా ఎన్నడూ పోలేదు. మేమూ నవ్వేవాళ్లం. అమ్మ కూడా, "చాల్లెండి సంబడం" అంటూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అమృతమ్మ వెనక వాటాలో ఉంటుంది కాబట్టి, గొంతులు తగ్గించి నవ్వేవాళ్లం. తగ్గించాలని తోచిందంటే అది ఎట్లాంటి నవ్వో మాకు తెలుసన్నమాటే.

పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు డైరెక్టరు హైదరాబాదు వచ్చాడు. సగం సినిమా అప్పటికే తీసేశారు, కొన్ని వీధి దృశ్యాలు ఇక్కడ తీయాలట. ఒక సహాయకుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అమ్మ ఓళిగలు చేసింది. తినడం అయిపోవస్తుండగా నాన్నకు ఊపు వచ్చి, ఆ ముచ్చట ఎత్తుకున్నాడు. డైరెక్టరుకు నవ్వి నవ్వి పొలమారింది. నేను మంచినీళ్లిచ్చాను.

"ఇంకోసారి చెప్పండి ఈశ్వరయ్య గారూ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

నాన్న ఇంకోసారి చెప్పాడు. ఈసారి చేతులు కూడా తిప్పాడు. సహాయకుడు పెదవులు కదుపుతూ లోలోపల అనుకుని చూసుకున్నాడు, పాఠం వల్లె వేసినట్టు. నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నాకేమీ అనిపించలేదు. మా నాన్న ఎంత సరసుడో అని గర్వం తప్ప.

పుస్తకం అచ్చయిన రోజు నుంచీ మధ్యాహ్నాలు నేను అమృతమ్మకు దాన్ని చదివి వినిపించేదాన్ని. ఆమెకు అక్షరం రాదు. కానీ రెండు రోజుల్లో పేజీ తీరు పట్టేసింది. ఎడమవైపు కన్ను, కుడివైపు చెవి అని పేర్లు కూడా పెట్టుకుంది. నలభై చిల్లర దృశ్యాల్లో ఆమెకు కావలసింది ఒక్కటే. మల్లవ్వ గుమాస్తాతో చచ్చిపోయిన కూతురి సంగతి చెప్పే దృశ్యం. ఎడమవైపు ఇట్లా ఉంటుంది: మల్లవ్వ దీపం దగ్గర కూర్చుంటుంది. వత్తి ఎగదోస్తుంది. వెలుగు గోడ మీద పాకుతుంది. ఆమె వెలుగునే చూస్తూ ఉంటుంది. కుడివైపు ఒకటే మాట: "పండుగొస్తే బిడ్డ యాదికొస్తది." దాని కింద పేజీ చివరిదాకా ఏమీ ఉండదు.

అమృతమ్మ పేడ వాసన పోయేదాకా వేలు కడుక్కుని వచ్చి ఆ తెల్లటి చోట పెట్టింది.

"గీడ ఏం రాసి లేదేంది బిడ్డా?"

"అక్కడ ఎవరూ మాట్లాడరు పెద్దమ్మా. దీపం ఒక్కటే కనిపిస్తుంది."

ఆమె చాలాసేపు ఆ చోటు తడుముతూ కూర్చుంది.

"మంచిగ రాసిండు సారు. నా బిడ్డకు జాగ ఇడిసిపెట్టిండు," అన్నది. "ఫోటువ లేకపాయె. గిప్పుడు సినిమా బొమ్మల చూస్తరు అందరు. నేను సచ్చిపోయినా చూస్తరు గద?"

"చూస్తారు పెద్దమ్మా."

పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. ఇది చెబితే నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లని నేను అనలేను. నిజంగానే ఏడ్చాడు. ఓళిగల రోజున నవ్విందీ నిజంగానే. అదే కదా మాతో వచ్చిన చిక్కు.

క్యాంపస్‌లో విద్యార్థులు పుస్తకం మీద చిన్న సభ పెట్టారు. నాన్న దగ్గర చదివే బిక్షపతి లేచి మాట్లాడాడు. జనగాం వైపు పిల్లవాడు, మామూలుగా నోరు విప్పడు.

"మా మాట సినిమాల ఎప్పుడు విన్నా నవ్వనీకే విన్నం. నౌకరు మాట్లాడుతడు, హాలంత నవ్వుతది. సారు రాసిన గీ దృశ్యంల మా మాట విని ఎవ్వడు నవ్వడు. మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది." అంతే అని కూర్చున్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. నేను నాన్న వైపు చూశాను. ఆయన తల వంచుకుని వినయంగా ఉన్నాడు. ఆ వినయం ఆయనకు బాగా నప్పేది.

దసరాకు సినిమా వచ్చింది. డైరెక్టరు పాసులు పంపాడు. అమృతమ్మ నారాయణపేట చీర కట్టుకుంది. రాజలింగు వర్క్‌షాపుకు సెలవు పెట్టాడు. అందరం కలిసి సికింద్రాబాదులో మ్యాట్నీకి పోయాం. అమృతమ్మ అమ్మకూ నాకూ మధ్య కూర్చుంది. పేర్లు పడుతున్నప్పుడు నాన్న పేరు చూపించాను. ఆమె తెరకు దండం పెట్టింది.

దీపం దృశ్యం రానే వచ్చింది. మల్లవ్వ వేషం వేసినామె మద్రాసు మనిషి, పౌడరు కొంచెం ఎక్కువైంది. అయినా బాగానే కూర్చుంది. అమృతమ్మ నా చేయి పట్టుకుంది. "పండుగొస్తే బిడ్డ యాదికొస్తది," అంది తెర మీది మల్లవ్వ.

కిటికీలోంచి ఒక తల లోపలికి వచ్చింది. హీరో స్నేహితుడు, సినిమాలో నవ్వించేవాడు. పుస్తకంలో ఆ దృశ్యంలో వాడు లేనే లేడు. కళ్లు చక్రాల్లా తిప్పి,

"యాడికొస్తది? కాచిగూడకా, సికింద్రాబాదుకా?" అన్నాడు.

హాలు కూలిపోయింది. ఈలలు, చప్పట్లు. నేనూ నవ్వాను. ఏడాదిగా ఆ మాటకు నవ్వడం అలవాటైన నోరు, నన్ను అడక్కుండానే నవ్వేసింది. ఇంగితం తర్వాత వచ్చింది. వచ్చేసరికి నా చేయి ఇంకా అమృతమ్మ చేతిలోనే ఉంది. నా ఒళ్లు నవ్వుతో కదలడం ఆమెకు తెలిసే ఉంటుంది. తల కొట్టేసినట్టయింది.

అమృతమ్మ అందరినీ చూసి తనూ కొంచెం నవ్వింది, పెళ్లిలో తెలియనివాళ్ల మధ్య నవ్వినట్టు. తర్వాత నా వైపు వంగింది.

"గిది మన భాగ్యమ్మ అడిగిన మాటనే గద బిడ్డా?"

తెర మీద అప్పటికే హీరోయిన్ తోటలో పాట మొదలుపెట్టింది.

"దీపం ఏది? వత్తి ఎగదోసుడు ఏది?"

"వస్తుంది పెద్దమ్మా. తర్వాత వస్తుంది."

ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి అనాలి కదా. ఆమె నమ్మింది. సినిమా అయ్యేదాకా వెన్ను ఆనించకుండా కూర్చుంది. హీరోయిన్ తులసికోట దగ్గర దీపం పెడితే ముందుకు వంగింది. విలన్ ఇంట్లో లాంతరు వెలిగితే ముందుకు వంగింది. శుభం అని పడింది. జనగణమనకు అందరం లేచి నిలబడ్డాం. ఆమె నిలబడి కూడా తెరనే వెతుకుతోంది. ఆ పాట అయ్యేదాకా నేను చచ్చి బతికాను.

బస్సులో రాజలింగు మర్యాద తప్పలేదు. "బొమ్మ మంచిగనే ఉన్నది సారు," అన్నాడు. నాన్న థాంక్స్ అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మ చెప్పులు కూడా విప్పకుండా నాన్న ముందు నిలబడింది.

"కాచిగూడ మాట నేననలేదు. నేను టేసనన్నాను. కాచిగూడ మీరు కలిపిందే. వాళ్ల నోట్లోకి ఎట్లొచ్చింది?"

"భోజనాలప్పుడు ఏదో సరదాగా చెప్పాను. వాడు దాన్ని పెట్టేస్తాడని నేను కలగన్నానా? నన్నడిగాడా? నా పుస్తకంలో రాసింది రాసినట్టే ఉంది భాగ్యం. సినిమా నాలుగు వారాలు ఆడి పోతుంది. రేపు నిలిచేది పుస్తకమే."

"సదువు రాని మనిషికి పుస్తకం నిలిస్తే ఏమి, పడిపోతే ఏమి?" అంది అమ్మ. "నేను ఆయమ్మ మేలు కోరి అడిగినానండీ. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, నన్ను కోతిని చేసి ఆడించినారు. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడ్తాది, ఎవరికి చెప్పుకునేది?"

నాన్న పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించబోయాడు. అమ్మ వంటింట్లోకి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను కాబట్టి నాకు చూపించాడు. నాకు తెలియని పేజీ కాదు. కుడివైపు ఖాళీగానే ఉంది. ఆ పేజీలో ఉన్నది మా నాన్న ఎట్లా ఉండాలనుకున్నాడో అది. తెర మీద చూసి వచ్చింది మేము ఇంట్లో ఎట్లా ఉంటామో అది. పుస్తకమే గొప్పదని ఆయన అంటూ ఉంటే, సినిమాయే నిజమని నాకు అనిపించి, ఆయన ముఖం చూడలేకపోయాను.

సెలవులయ్యాక ఆ మాట ఊరంతా పట్టింది. బస్సులో కండక్టరు "యాడికొస్తది?" అంటే లోపల పదిమంది "కాచిగూడకా" అని అందుకునేవారు. లైబ్రరీ దగ్గర బిక్షపతి ఎదురయ్యాడు. తప్పించుకుందామనుకున్నాను, కుదరలేదు.

"సినిమా చూశావా?" అన్నాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న దొరకలేదు.

"చూసిన. హాస్టల్ల నాకు గదే పేరు పెట్టిన్రు. కాచిగూడ." నవ్వబోయాడు, రాలేదు. "సారు గట్ల రాయలే, నాకెరుక. పుస్తకం నా దగ్గరున్నది. మద్రాసోల్లు చెడగొట్టిన్రు. సారును ఏమనకున్రి, మనసు కష్టపెట్టుకుంటడు."

మద్రాసువాళ్లు కాదు, మా ఇంట్లోనే అని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కనుంచి ఎవరో "ఏం కాచిగూడా!" అని అరిచారు. అతను తల తిప్పకుండా వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం నేనే అమృతమ్మ దగ్గరికి పోయాను. చదవనా పెద్దమ్మా అన్నాను. ఆమె వద్దనలేదు. గూట్లోంచి పుస్తకం తీసి ఇచ్చింది, బొట్టు ఇంకా ఉంది. దీపం దృశ్యం మొదలుపెట్టాను. దీపం దగ్గర కూర్చోవడం చదివాను, వత్తి చదివాను, గోడ మీది వెలుగు చదివాను. బిడ్డ యాదికొస్తది అని చదివి ఆగాను. ఆ కింద ఏమీ లేదు. తెల్లకాగితం. కానీ ఆ తెల్లకాగితంలో నాకు హాలంతా వినిపించింది, ఈలలతో సహా. తలెత్తి చూస్తే అమృతమ్మకూ అదే వినిపిస్తోందని తెలిసింది. ఆమె వేలు ఆ జాగాలో పెట్టలేదు.

"చాలు బిడ్డా," అన్నది. "నీకు పరీక్షలున్నయి గద, పోయి చదువుకో."

మళ్లీ ఎప్పుడూ చదవమని అడగలేదు. మాతో మాట మానేసిందని కాదు. పాలు పోసేది, అమ్మ తలనొప్పి అంటే శొంఠి అరగదీసి తెచ్చేది. అంతా మామూలే. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

దీపావళి వచ్చింది. సాయంత్రం వెనక వాటాలో అమృతమ్మ ప్రమిదలు వరసగా పెడుతోంది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పళ్లెంలో కజ్జికాయలు తీసుకుపోయింది. ఆ పూట అమ్మ ఏదో నిశ్చయించుకునే వచ్చింది, పెదవులు అదిమి పట్టుకుని ఉంది. పళ్లెం గట్టు మీద పెట్టి, అమృతమ్మ పక్కన కింద కూర్చుంది. మా అనంతపురం నాలుకకు తిరగని మాటను జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరమే పలికింది.

"పండుగ కదక్కా. లింగమ్మ యాదికొస్తాందా?"

అమృతమ్మ చేతిలో నూనె గిన్నె ఆగింది. మా ముందు వాటా కిటికీ వైపు ఒకసారి చూసింది. అక్కడ నాన్న నిలబడి ఉన్నాడు. ఆమె గొంతు సవరించుకుంది. రేడియోలో వార్తలు చదివేవాళ్లలా, ఎక్కడా తప్పు రాకుండా, మా భాషలో మాకు జవాబు చెప్పింది.

"గుర్తుకు వస్తుందమ్మా."

అమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అమృతమ్మ చివరి ప్రమిద దగ్గరికి జరిగి, వత్తి ఎగదోసింది. వెలుగు గోడ మీద పాకింది. ఆమె వెలుగునే చూస్తూ కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. నాన్న ఎడమవైపు రాసినదంతా పొల్లుపోకుండా అట్లాగే జరిగింది. కుడివైపు ఒక్క మాట మారింది.